కాలిన దుంగ

డొమినికన్ దేశం, బరాహోనా కొండలు. నీలిరాయి తవ్వే గొయ్యి, దాని నోటి మీద రేకుల పంచ. పంచ కింద రాళ్ళు సానబట్టే నెరెయ్‌దా, ఆమె మరిది ఎలీహియో. ఆమె కొడుకు యాదీర్ గొయ్యి అడుగున తవ్వుతున్నాడు. మధ్యాహ్నం.

"...నా మాట విను వదినా. ఇంత లావు చెట్టు ఈ కొండలో ఇంతవరకూ ఎవడికీ తగల్లేదు. నేను చెప్పడం కాదు, ముక్క చూసి నువ్వే చెప్పు."

"ముక్క తర్వాత చూస్తాను. వాడు అన్నానికి ఎందుకు పైకి రాలేదు?"

"చెట్టు తగిలింది కదా, వదిలిపెట్టి రానంటున్నాడు. రక్తంలోనే ఉంది వాడికి."

"ఏముంది రక్తంలో?"

"ఏం లేదులే. కాఫీ తెచ్చావా?"

"గిన్నె పక్కన సీసాలో ఉంది, పోసుకో. గిలక తిప్పడానికి మోన్చో ఉండాలి కదా, ఏడీ?"

"రాలేదు."

"ఎందుకు రాలేదు?"

"పందెంలో వాడి కోడి చచ్చింది కదా. ఆ దుఃఖంలో ఉన్నాడు పాపం."

"కోడి చచ్చింది పోయిన నెల. దాన్ని వాడే కూర వండుకు తిన్నాడు, నాకు గిన్నెడు పంపించాడు కూడా. నిన్న కొట్టు దగ్గర నన్ను చూసి మొహం తిప్పుకుని పోయాడు. ఏమైంది వాడికి?"

"వాడి మొహం, వాడి ఇష్టం. గిలక నేను తిప్పుకుంటాను, గాలి మిషను నేను చూసుకుంటాను. ఈ గొయ్యికి ఇద్దరం చాలు."

"ఒకడు లోపల, ఒకడు పైన. బాగానే ఉంది."

"నీకు అన్నిటికీ భయమే వదినా. అందుకే నిన్ను ఇక్కడికి రావద్దంటాను. అన్నం ఎవరిచేతనైనా పంపించొచ్చు కదా?"

"వచ్చాను కాబట్టి మోన్చో లేడని తెలిసింది. నువ్వు చెప్పేవాడివా?"

"చెప్పేవాణ్ణి."

"ఎప్పుడు?"

"సాయంత్రం. అబ్బ, ముందు ఈ ముక్క చూడు. పట్టుకో. జాగ్రత్త, చేతులు నల్లగవుతాయి."

"నా చేతులకి కొత్తగా ఏమవుతుందిలే. ఎటు పోతోంది ఈ చెట్టు?"

"కొండ లోపలికి. పడుకోబెట్టినట్టు తిన్నగా ఉంది. చివర మాత్రం గోడలోంచి ఇంత బయటికి కనిపిస్తోంది. ఆ చివర్నించే ఈ ముక్క విరగ్గొట్టాడు యాదీర్, పొద్దున."

"చుట్టూ నీలం ఉందా?"

"ఇంకా తగల్లేదు. తగులుతుంది. ఆలోచించు వదినా, నిప్పుకొండ పొంగినప్పుడు అడవి అడవంతా దాని కింద పడింది. పొంగింది చల్లారి నల్లరాయి అయింది, లోపల చిక్కుకున్న చెట్లు బొగ్గయ్యాయి. వేడినీళ్ళు ఆ సందుల్లో పారి పారి నీలాన్ని వదిలిపెట్టి పోయాయి. కాలిన చెట్టు ఎటు పోతే నీలం అటు—"

"నాకా పాఠాలు? ఆ నీలాన్ని చక్రం మీద పెట్టేది నేనయ్యా."

"అదే, నీకు తెలియంది కాదు అంటున్నాను."

"నాకు తెలిసింది ఇంకోటి ఉంది. ఈ ఏడాది నువ్వు పంపిందంతా నాసిరకం. సగం తెలుపు, సగం పచ్చ. ఉన్న కాస్త లేత నీలం కూడా కిటికీలో పెడితే ఎండకి వెలిసిపోతోంది. సముద్రంలాంటి నీలం చూసి ఎన్నాళ్ళయిందో, నా కళ్ళే మర్చిపోయాయి."

"అందుకే కదా ఈ చెట్టు! ఇది పోతే ఈ గొయ్యి మూసుకుని నేను అరటిగెలలు మోసుకోవాలి. తెలుసా నీకు? పక్క గొయ్యి వాళ్ళు నన్ను చూసి నవ్వుతున్నారు. ఎలీహియో గొయ్యిలో కప్పలు తప్ప ఏమీ దొరకవట."

"కప్పలెందుకు దొరుకుతాయి?"

"ఏంటి?"

"నీళ్ళు లేకుండా కప్పలెందుకని అడుగుతున్నాను."

"మాటవరసకి అన్నారు. అన్నిటికీ అర్థాలు తీస్తావేంటి?"

"నాలుగు ఎడ్లు లాగే బరువుండాలి మన చెట్లు. ఇదేంటి ఎలీహియో, ఇంత తేలిగ్గా ఉంది?"

"ఎండింది."

"పొద్దున తీసిన ముక్క ఇప్పటికే ఎండిపోయిందా?"

"తడి లోపలుంది కదా, గోడ తడి... కొంచెం చెమ్మగా ఉందంతే. కొండలో చెమ్మ ఉండదా?"

"గోడ చెమ్మగా ఉందని ఇందాక చెప్పలేదు."

"నువ్వు అడగలేదు."

"ఆ పీపాలో వెయ్యి దీన్ని."

"దేనికి?"

"వెయ్యమంటున్నానా."

"వేశాను. అయితే?"

"చూడు."

"చూస్తున్నాను."

"ఏం చేస్తోంది?"

"...తేలుతోంది."

"మన చెట్లలో ఒక్కటైనా తేలడం చూశావా నువ్వు? లోపలికంతా రాయెక్కి ఉంటుంది. వేస్తే బుడుంగుమని అడుక్కి పోతుంది."

"దీనికీ రాయెక్కింది వదినా. ఇదిగో, పైన తెల్లటి పొర చూడు, ఎంత గట్టిగా ఉందో. ఇది రాయి కాక అన్నమా?"

"రాయే. ఏ రాయో చూద్దాం. ఆ నిమ్మకాయ ఇటివ్వు."

"పిల్లాడి చేపలోకి తెచ్చింది."

"పిల్లాడు పైకొస్తే ఇంకోటి పిండుతాను. ఇవ్వు... అదిగో. చూశావా, ఎలా నురగ కక్కుతోందో?"

"చూశాను. తెల్లరాయిలో సున్నం ఉంటే పొంగుతుంది. పొంగితే ఏం?"

"చెట్టుతో పుట్టిన రాయైతే నరాల్లాగా లోపలికి పాకి ఉంటుంది. ఇది పైపైన పట్టింది, గోరు పెడితే పెచ్చు ఊడుతోంది. కప్పునించి చుక్కచుక్కగా కారే నీళ్ళు వదిలిన సున్నం ఇది. నా వంటింటి కుండ అడుగున కడుతుంది, అదే. దీనికి యుగాలు అక్కర్లేదు ఎలీహియో, కొన్నేళ్ళు చాలు."

"కుండకీ కొండకీ ముడిపెట్టకు."

"కత్తి ఇవ్వు."

"వదినా, ముక్క పాడుచేయకు. రేపు కొనేవాళ్ళకి చూపిద్దామనుకున్నాను. ఇలాంటి చెట్టు తగిలిందని చూపిస్తే ముందే—"

"కత్తి ఇవ్వు ఎలీహియో."

"ఇదిగో. తీసుకో."

"పైన వేలి మందాన నల్లగా ఉంది. దాని లోపల చూడు. చూడు, మొహం తిప్పుకోకు. ఏముంది?"

"...చెక్క."

"మామూలు చెక్క. పోగులు పోగులుగా వస్తోంది. వాసన చూడు, ఇంకా పొయ్యిలో కట్టె వాసనే. అడవిని మింగిన నిప్పు, నల్లరాయిని నీళ్ళలా పారించిన నిప్పు, దీని తోలు మాత్రం మాడ్చి లోపలిది వదిలేసిందా?"

"అలాంటివి కూడా ఉండొచ్చు."

"ఎక్కడ? ఎప్పుడు చూశావు?"

"చూడలేదు. ఉండొచ్చు అంటున్నాను."

"ఇది చెట్టు కాదు. పోటు దుంగ. కప్పు కూలకుండా అడ్డంగా పెట్టే పోటు దుంగ. గోడలో గుంత చెక్కి చివర దూర్చారు, నువ్వు ఇటునించి తవ్వుకుంటూ వెళ్ళి ఆ చివర చూసి చెట్టనుకున్నావు."

"పోటు దుంగని ఎవడైనా కాలుస్తాడా?"

"నన్నా అడుగుతున్నావు?"

"ముక్క ఇటివ్వు వదినా."

"ఇవ్వను. నన్నా అడుగుతున్నావు ఆ మాట?"

"వదినా, కూర్చో ముందు."

"ఈ కొండలో దుంగల చివర్లు మాడ్చి పెట్టినవాడు ఒక్కడే, మీ అన్న. మా ఇంటి వెనక పొయ్యి దగ్గర పీట వేసుకుని, తిప్పి తిప్పి మాడ్చేవాడు. మీరంతా నవ్వేవాళ్ళు. తెలెస్ఫొరో దుంగలు కాలుస్తున్నాడా, మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్నాడా అని. మాడిన చెక్కని చెమ్మ తినదురా అనేవాడు. నువ్వే కదా ఎక్కువ నవ్వింది?"

"నవ్వాను. ఎందుకు నవ్వానా అని ఎన్నిసార్లు అనుకున్నానో నీకు తెలీదు. కానీ వదినా, ఇది అన్న దుంగ కాదు. కాదు. కాలేదు."

"ఎందుకు కాలేదు?"

"అన్న గొయ్యి ఎక్కడుంది? పైన, మనం ఆయనకి పాతిన సిలువ దగ్గర. అది తిన్నగా దిగి కొండ లోపలికి, అటు తిరిగింది. అటు! ఇటు వైపు ఒక్క సొరంగం కూడా లేదు. ఆ గొయ్యి అన్నతో పాటు తవ్వినవాణ్ణి నేను. ఇటు ఒక్క పలుగుదెబ్బ కూడా వెయ్యలేదు మేము. అల్తగ్రాసియా మాత మీద ఒట్టు."

"మరి దుంగ ఎలా వచ్చింది ఇటు?"

"కొండ జారి ఉంటుంది. తుపానుకి ఏదేదో కదిలింది."

"కొండ జారి దుంగని గుంతలో చక్కగా దూర్చిందా?"

"అయితే పక్క గొయ్యి వాళ్ళు. లోపల్లోపల దొంగచాటుగా మన రాయి కోసం తవ్వుకొస్తున్నారు. మొన్న కూడా అనుమానపడ్డాను. వాళ్ళే."

"వాళ్ళు దుంగలు మాడుస్తారా?"

"నాకేం తెలుసు! ఏదీ తెలీదు నాకు!"

"అరవకు. అది ఎలా వచ్చిందో నాకిప్పుడు అనవసరం. ఆయన మీద కప్పు కూలిన తుపాను నాటినించీ ఆ గొయ్యి నీళ్ళతో నిండి ఉంది. రాయి వేస్తే చప్పుడు వినిపిస్తుంది, వెళ్ళినప్పుడల్లా వింటాను నేను. ఈ దుంగ వెనక ఆ నీళ్ళు ఉంటే? ఆ గోడనే కదా నా కొడుకు ఇప్పుడు కొడుతున్నాడు?"

"ఉండవు."

"మోన్చో ఏం విన్నాడు?"

"వదినా..."

"ఏం విన్నాడు వాడు?"

"నీళ్ళ చప్పుడు వినిపించిందన్నాడు. గోడ వెనక. పిరికివాడు వదినా, తన గుండె చప్పుడు విని కూడా పారిపోతాడు. యాదీర్ చెవి పెట్టి విన్నాడు, ఏమీ లేదన్నాడు."

"యాదీర్‌కి ఆ గోడ అవతల ఏముండొచ్చో చెప్పావా నువ్వు?"

"నాకే తెలిస్తే కదా! చెట్టనుకున్నాను. నిజంగా చెట్టే అనుకున్నాను. నా సొంత కొడుకులాంటివాడు, వాణ్ణి చంపుకుంటానా?"

"లాగు తాడు."

"లాగుతున్నాను."

"గట్టిగా!"

"లాగుతున్నాను కదా. రెండుసార్లు లాగితే పైకి రమ్మని. వాడికి తెలుసు."

"ఏదీ? జవాబేదీ?"

"తాడు పక్కన పడేసి ఉంటాడు. తవ్వేటప్పుడు నడుముకి అడ్డమొస్తుందని విప్పేస్తాడు. ఎన్నిసార్లు చెప్పినా వినడు."

"కేకెయ్యి. పిలువు."

"ఈ మిషను మోతలో వినపడదు."

"ఆపు మిషను!"

"ఆపితే వాడికి గాలి ఉండదు వదినా."

"యాదీర్! ఒరేయ్ యాదీర్!"

"వదినా, నోటి దగ్గరికి వెళ్ళకు, మట్టి వదులుగా ఉంది. నా మాట విను. మళ్ళీ లాగుతున్నాను. చూడు, లాగుతున్నాను."

"జవాబు?"

"లేదు."

"ఆ రోజూ ఇలాగే అన్నావు. ఇదే గొంతుతో. తాడు లాగాం, జవాబు లేదు అని."

"ఇప్పుడు ఆ మాటలెందుకు?"

"వస్తున్నాయి, నేనేం చెయ్యను?"

"వాన వదినా. కుండపోత వాన. పైమట్టి మొత్తం జారుతోంది. తవ్వుతూ ఉంటే ఇంకో నలుగురు పోయేవాళ్ళు. పెద్దవాళ్ళందరూ చాలన్నారు."

"నిన్ను అనడం లేదు. తవ్వడం ఆపేద్దామా అని మీరు వచ్చి అడిగారు, నేను తలూపాను. తలూపింది నేనే. ఎవరి మీదికీ నెట్టను. రాయి పడ్డ క్షణంలోనే పోయి ఉంటాడు, నొప్పి కూడా తెలిసి ఉండదు అన్నారు మీరు. ఆ మాట పట్టుకునే కదా వీణ్ణి పెంచాను. ఆ మాట లేకపోతే ఒక్క రాత్రి కూడా నిద్ర పట్టేది కాదు నాకు."

"నిజమే కదా అది. అంత కప్పు మీద పడితే మనిషికి ఇంకేం తెలుస్తుంది? క్షణంలో పోయాడు అన్న."

"అవును. క్షణంలో."

"క్షణంలోనే వదినా."

"సరే. వీడి విషయంలో మాత్రం నేను తలూపను. విన్నావా? వాన పడనీ, కొండ కూలనీ. జవాబు రాకపోతే నేనే దిగుతాను. ఆ బకెట్టు తాడుకి కట్టు."

"నువ్వు దిగితే నిన్నెవరు లాగుతారు? నేను దిగుతాను, నువ్వు గిలక పట్టుకో. ఆ పిడి... ఆగు."

"ఏంటి?"

"ఆగు, ఆగు. కదిలింది."

"నువ్వు లాగావేమో."

"నేను ముట్టుకోలేదు. అదిగో! మళ్ళీ. రెండు గుంజులు. వదినా, రెండు గుంజులు!"

"తిప్పు. తిప్పు త్వరగా. నేనూ పడతాను."

"నిదానం, నిదానం. గబగబా తిప్పితే వాడి తల గోడకి కొట్టుకుంటుంది. వస్తున్నాడు. బరువుంది, వాడే. వాడే వదినా."

"యాదీర్!"

"ఏంటమ్మా, కొండంతా వినపడేలా! ఏంటి బాబాయ్, చెయ్యి ఊడేలా లాగుతున్నావు తాడు? ఏమైంది?"

"ముందు పైకి రా. కాలు ఇటు పెట్టు. ఆఁ, వచ్చేశాడు."

"అమ్మా! కొడతావేంటి? అబ్బ! బాబాయ్, చూడు, కొడుతోంది!"

"కొడుతుంది. కొట్టించుకో."

"తాడు ఎందుకు విప్పావు? ఎన్నిసార్లు చెప్పాలి నీకు, ఎన్నిసార్లు?"

"సరే, విప్పను. విప్పనమ్మా. ఏడుస్తున్నావా? ఒళ్ళంతా మసి నాకు, నీ బట్టలు పాడవుతాయి. వదులు."

"పాడవనీ."

"ఇంతకీ ఏమైంది బాబాయ్?"

"ఏం లేదురా. గోడ వెనక నీళ్ళున్నాయేమోనని మీ అమ్మ భయపడింది. నేనూ భయపడ్డాను. నువ్విక ఆ గోడ ముట్టుకోవద్దు."

"నీళ్ళా? నీళ్ళెక్కడివి? గోడకి కన్నం పెట్టేశాను కదా."

"పెట్టేశావా!"

"పిడికిలంత. అదే చెబుదామని వస్తుంటే మీరు తాడు లాగారు. లోపల పొడిగా ఉందమ్మా. ఎక్కడో బాగా కిందనించి నీళ్ళ చప్పుడు వస్తోంది గానీ, ఇక్కడికి రావు. ఇది ఎత్తులో ఉంది."

"దేవుడా. చాలు. అన్నం తిను. నీకోసం అడుగంటిన అన్నం మాడు తీసి పెట్టాను, చల్లారిపోతోంది."

"తింటాను. కానీ విను ముందు. బాబాయ్, అది చెట్టు కాదు."

"తెలుసు. మీ అమ్మ చెప్పింది. తిను ముందు."

"పోటు దుంగ! ఒక్కటే ఉంది. వెనకెక్కడినించో పీక్కొచ్చి పెట్టినట్టున్నారు, ఆ చోటికి దాని పొడవు సరిపోలేదు కూడా, చీలికలు కొట్టి బిగించారు. దీపం లోపలికి పెట్టి చూశాను. మనిషి పాకేంత సందు, అంతే. తవ్వి తీసిన రాళ్ళన్నీ పక్కన వరసగా పేర్చి ఉన్నాయి."

"యాదీర్, తర్వాత చెబుదువుగాని. చెయ్యి కడుక్కో."

"ఏంటి బాబాయ్, నీకు ఆత్రం లేదా? పక్క గొయ్యి వాళ్ళే అనుకున్నాను మొదట, దొంగచాటుగా వచ్చారని. కానీ దొంగలు కాదు."

"ఎవరైతేనేం. ఆ కన్నం మూసేద్దాం. ఇవాళే మూసేద్దాం. వదినా, గిన్నె ఇటివ్వు, పెడతాను వాడికి."

"నువ్వుండు ఎలీహియో. చెప్పనీ వాణ్ణి. దొంగలు కాదని ఎలా తెలుసురా?"

"నీలం ఉందమ్మా అక్కడ! సందు పొడుగునా, కుడి గోడలో, అరచెయ్యంత వెడల్పున. నువ్వు చెబుతావే, సముద్రం రంగు, అది. దీపం పడగానే నాకు ఊపిరాగింది."

"ఇంకా అక్కడే ఉందా ఆ నీలం?"

"చెక్కు చెదరకుండా ఉంది."

"యాదీర్, చాలురా."

"అదే కదా బాబాయ్ నాకు అర్థం కానిది. పలుగు గాట్లన్నీ లోపలినించి మన వైపుకే వస్తున్నాయి. ఎవడో పిచ్చోడు, అంత నీలం భుజానికి రాసుకుంటున్నా ఒక్క ముక్క ముట్టుకోకుండా, బయటికే తవ్వుకుంటూ వచ్చాడు."